మెకానిక్ తప్పుతో హెలికాప్టర్ కూలుతుందా? ఇద్దరు చెక్ చేసినా తప్పు ఎలా దాటిపోతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ చదివి హెలికాప్టర్ల వైపు వెళ్తానంటున్నాడు. మెకానిక్ చేసిన తప్పుకి హెలికాప్టర్ నిజంగా కూలిపోతుందా, ఒకరు చేసిన పనిని ఇంకొకరు చూస్తారు కదా, అయినా తప్పు ఎలా దాటిపోతుంది, అంత బాధ్యత పాతికేళ్లు నిండని పిల్లాడి మీద పెట్టొచ్చా అని మీ ప్రశ్న.

సమాధానం ముందే చెప్పేస్తాను. కూలుతుంది. కూలాయి, మనుషులు పోయారు. మొత్తం హెలికాప్టర్ ప్రమాదాల్లో వీటి వాటా తక్కువే. వాతావరణం బాగోలేకపోయినా బయల్దేరడం, పైలట్ నిర్ణయాలు, వీటివల్ల జరిగేవే ఎక్కువ. కానీ మెయింటెనెన్స్ తప్పుతో కంట్రోల్స్ ఊడిపోయిన ప్రమాదంలో పైలట్ ఎంత అనుభవజ్ఞుడైనా చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ఇక ఇద్దరు చూసినా ఎలా దాటిపోతుందంటే, రెండో మనిషి చాలాసార్లు పనిని చూడడు, పని చేసిన మనిషిని చూస్తాడు. "ఆయన చేశాడంటే బాగానే చేసుంటాడులే" అనుకుని సంతకం పెడతాడు. నేనూ అలా పెట్టిన రోజులున్నాయి. నా పనికి అలా సంతకం పడిన రాత్రి ఒకటుంది, దాని సంగతి కింద రాస్తాను.

నేను హెలికాప్టర్ల మీద 29 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ముంబై జుహూలో మొదలుపెట్టి, మధ్యలో ఈశాన్య రాష్ట్రాల్లో తిరిగి, చివరి ఏళ్లు రాజమండ్రిలో, సముద్రంలోని రిగ్గులకు మనుషుల్ని తీసుకెళ్లే హెలికాప్టర్ల మీద ఉన్నాను. నా లైసెన్స్ బీ1.3, అంటే టర్బైన్ ఇంజిన్ హెలికాప్టర్లది.

విమానానికీ హెలికాప్టర్‌కీ తేడా ఎక్కడుందో ముందు చూడండి. పెద్ద విమానంలో ముఖ్యమైన ప్రతి పనికీ రెండు మూడు దారులు ఉంటాయి. ఒకటి పోతే ఇంకోటి అందుకుంటుంది. హెలికాప్టర్‌లో కూడా ఇంజిన్లు రెండు పెట్టొచ్చు, హైడ్రాలిక్స్ రెండు పెట్టొచ్చు. కానీ పైలట్ చేతిలో స్టిక్ కదిలితే పైన రోటర్ బ్లేడు కోణం మారాలి. ఆ కదలిక కింద నుంచి పైకి వెళ్లే కడ్డీలు, కదలిక దిశ మార్చే బెల్‌క్రాంకులు, దాన్ని తిరిగే రోటర్‌కి అందించే స్వాష్‌ప్లేట్, బ్లేడు కోణం మార్చే పిచ్ లింకులు, ఇవన్నీ ఒకదాని కొసకి ఒకటి కలిపిన ఒంటి వరుస. మధ్యలో ఏ ఒక్క జాయింట్ ఊడినా దాని బదులు ఇంకోటి లేదు. ఇంజిన్ ఆగిపోతే భయపడాల్సిందే గానీ అది చావు కాదు. హెలికాప్టర్ కిందికి దిగుతుంటే కింది నుంచి పైకి తగిలే గాలికే రోటర్ తిరుగుతుంటుంది, దాన్ని ఆటోరొటేషన్ అంటారు, పైలట్లు ప్రాక్టీస్ చేస్తారు, చోటు దొరికితే దింపేస్తారు. కంట్రోల్ రాడ్ ఊడిపోతే ప్రాక్టీస్ చేసి పెట్టుకున్న విద్య ఏదీ పనికిరాదు.

ఆ జాయింట్‌ని పట్టి ఉంచేది ఏమిటి? ఒక బోల్టు, వాషర్లు, ఒక నట్టు, ఆ నట్టు తిరిగి ఊడకుండా ఒక స్ప్లిట్ పిన్. మన పెద్దవాళ్ల ఎడ్లబండి ఇరుసు కొసన చక్రం జారిపోకుండా కడసీల పెట్టేవారు చూడండి, స్ప్లిట్ పిన్ చేసేది సరిగ్గా అదే పని. హెయిర్‌పిన్‌లా రెండు కాళ్లుండే చిన్న కడ్డీ. నట్టు గాడిలోంచి, బోల్టు కొసన ఉన్న రంధ్రంలోంచి దూర్చి, ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి వంచుతాం. ధర చెప్పుకోదగ్గది కాదు. ఒకసారి తీస్తే పారేయాలి, మళ్లీ వాడకూడదు. హెలికాప్టర్ ఎగిరినంతసేపూ వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకుకి తాళం లేని నట్టు గంటలో ఊడొచ్చు, రెండు నెలలకీ ఊడొచ్చు.

గంటలు, నెలలు అని ఊరికే అనలేదు. రెండు ప్రమాదాలు చెబుతాను.

మొదటిది అమెరికాలో. 2011 డిసెంబర్ 7 సాయంత్రం, లాస్ వేగస్ నుంచి హూవర్ డ్యామ్ వైపు టూరిస్టుల్ని తిప్పుకొచ్చే సన్‌డాన్స్ సంస్థ ఏఎస్350 హెలికాప్టర్ లేక్ మీడ్ దగ్గర కొండల్లో కూలింది. పైలట్, నలుగురు ప్రయాణికులు, ఐదుగురూ చనిపోయారు. నిలకడగా వెళ్తున్నది ఉన్నట్టుండి పైకి లేచింది, ఎడమకి తిరిగింది, నిట్టనిలువున దిగిపోయింది. ముందురోజే దానికి 100 గంటల ఇన్‌స్పెక్షన్ అయింది. ఇంజిన్, టెయిల్ రోటర్ సర్వోతో పాటు, ముందుకీ వెనక్కీ వంపే కంట్రోల్ సర్వో కూడా మార్చారు. సర్వో అంటే పైలట్ కదలికకి హైడ్రాలిక్ బలం కలిపే పరికరం. ఆ సర్వోకి వెళ్లే ఇన్‌పుట్ రాడ్ జాయింట్ బోల్టు గాల్లో ఊడిపోయింది.

అమెరికా రవాణా భద్రతా మండలి, ఎన్‌టీఎస్‌బీ, 2013 జనవరిలో నివేదిక ఇచ్చింది. అందులో తేల్చిన సంగతులు మూడు. బిగింపు పోయిన సెల్ఫ్ లాకింగ్ నట్టునే మళ్లీ వాడారు. స్ప్లిట్ పిన్ పెట్టలేదు, లేదా సరిగ్గా పెట్టలేదు. పని అయ్యాక చేసిన చెకింగ్‌లో ఇవేవీ పట్టుకోలేదు. సెల్ఫ్ లాకింగ్ నట్టు కొత్తగా ఉన్నప్పుడు వేళ్లతో తిప్పితే చివరిదాకా ఎక్కదు, మధ్యలో పట్టేస్తుంది, స్పానర్ వేయాల్సిందే. వేళ్లతోనే చివరిదాకా ఎక్కేసిందంటే దాని పని అయిపోయిందని అర్థం. ఇది మొదటి ఏడాది కుర్రాడికి కూడా తెలుసు. అక్కడి మెకానిక్‌కీ తెలుసు.

మరి తెలిసినవాడు ఎందుకు చేశాడు? ఆ నివేదికలో నన్ను ఎక్కువగా పట్టి ఆపింది ఆ భాగమే. మెకానిక్‌నీ ఇన్‌స్పెక్టర్‌నీ ఇద్దర్నీ మామూలు షిఫ్ట్ కంటే ముందుగా రమ్మన్నారు. మారిన వేళకి ఒళ్లు అలవాటు పడే వ్యవధి ఇవ్వలేదు. మెకానిక్‌కి నిద్ర చాలలేదు. ఇన్‌స్పెక్టర్‌ది చాలా పొడవైన డ్యూటీ, ఆ చివర్లో చెక్ చేశాడు. అలసట కూడా ఒక కారణమని నివేదికలో పేరు పెట్టి రాశారు. పని ఒక్కో అడుగుగా విడదీసి, ఒక్కోదానికి టిక్ పెట్టే కాగితం లేకపోవడం ఇంకో కారణం. "సర్వో మార్చాను" అని ఒక్క లైన్ రాసి ఒక్క సంతకం పెడితే, అందులో పిన్ పెట్టడం అనేది ఎక్కడా కనపడదు. ప్రమాదం జరిగిన రోజు ఉదయం చెక్ ఫ్లైట్ కూడా చేశారు, బాగానే ఎగిరింది. నట్టు ఊడేదాకా ఏ పరీక్షలోనూ తేడా తెలియదు.

రెండోది ఇండోనేసియాలో. 2005 మార్చి చివర్లో నియాస్ దీవిలో పెద్ద భూకంపం వచ్చింది. ఆస్ట్రేలియా నౌకాదళం సాయానికి వెళ్లింది. ఏప్రిల్ 2న వాళ్ల సీ కింగ్ హెలికాప్టర్ ఒకటి, పేరు షార్క్ 02, ఒక ఊళ్లో ఆటస్థలంలో దిగబోతూ ముక్కు కిందికి వాలి నేలకి గుద్దుకుంది. లోపల వైద్య సిబ్బంది ఉన్నారు, దెబ్బతిన్న జనానికి మందులివ్వడానికి వచ్చినవాళ్లు. తొమ్మిది మంది పోయారు, ఇద్దరు బతికారు. విచారణలో తేలింది ఏమిటంటే, కంట్రోల్స్ కలిపే మిక్సింగ్ యూనిట్‌లో ఒక బెల్‌క్రాంక్ ఊడిపోయింది. అక్కడి నట్టుకి స్ప్లిట్ పిన్ సరిగ్గా పెట్టలేదు. ఆ పని చేసింది ప్రమాదానికి 57 రోజుల ముందు. యాభై ఏడు రోజులు ఆ నట్టు కొంచెం కొంచెం తిరుగుతూ వచ్చింది. ఈ మధ్యలో ఆ హెలికాప్టర్‌ని ఎంతమంది పైకెక్కి చూసుంటారు, ఎన్ని ఉదయాలు చెక్‌లో సంతకాలు పడుంటాయి అని ఆలోచిస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. విచారణ మండలి ఒక్క మెకానిక్‌ని పట్టుకుని ఆగలేదు. ఆ స్క్వాడ్రన్ మొత్తంలో మెయింటెనెన్స్ నిబంధనలు పాటించే అలవాటే సడలిపోయిందని రాసింది.

ఇప్పుడు నా సంగతి. సంస్థ పేరు, ఊరు పేరు వద్దు. అప్పటికి నాకు లైసెన్స్ వచ్చి ఆరేళ్లు. పొద్దున్న ఆరింటికి వెళ్లాల్సిన హెలికాప్టర్‌కి ముందురోజు రాత్రి టెయిల్ రోటర్ పిచ్ లింకులు మార్చాం. స్టోర్స్ నుంచి కొత్త స్ప్లిట్ పిన్లు కాగితం పొట్లంలో తెచ్చుకుని చొక్కా జేబులో వేసుకున్నాను. అలా వేసుకోకూడదు, ట్రేలో పెట్టాలి. స్టూల్ ఎక్కి పని చేస్తున్నాను, రెండు నట్లు టార్క్ చేసి, అంటే నిర్ణీత బలంతో బిగించి, ఒకదానికి పిన్ పెట్టాను. ఇంతలో ఆఫీసులో ఫోన్ అన్నారు. ఇంటి నుంచి, పాపకి జ్వరం. మాట్లాడి వచ్చాను, ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. వచ్చి స్టూల్ ఎక్కి, తర్వాతి లింక్ మొదలుపెట్టాను. అంతా అయ్యాక డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్‌కి ఇంకో ఇంజినీర్ వచ్చాడు. నాకంటే సీనియర్, నాకు పని నేర్పిన మనిషి. టార్చ్ వేసి అటూ ఇటూ చూశాడు, లింకులు పట్టుకుని ఊపి చూశాడు, సంతకం పెట్టాడు. రాత్రి పదకొండుకి ఇంటికి చేరాను.

చొక్కా విప్పి తలుపు మేకుకి తగిలిస్తుంటే జేబులోంచి ఏదో టింగ్‌మని గచ్చు మీద పడింది. వంగి తీశాను. స్ప్లిట్ పిన్. కాళ్లు తిన్నగా ఉన్నాయి, వాడనిది. పొట్లంలో ఎన్ని తెచ్చానో లెక్క గుర్తుంది, ఎక్కువ తేలేదు. మా ఆవిడ ఏమైందంటోంది, నాకు నోరు పెగల్లేదు. మళ్లీ చొక్కా తొడుక్కుని రోడ్డు మీదకొచ్చాను, ఆ వేళకి ఆటో లేదు, పాలవ్యాన్ ఆపి ఎక్కాను. హ్యాంగర్‌లో వాచ్‌మన్ తాళం తీస్తుంటే నా చేతులు వణుకుతున్నాయి. స్టూల్ ఎక్కి చిన్న అద్దం, టార్చ్ పెట్టి ఒక్కో నట్టూ చూశాను. రెండోది ఖాళీ. నట్టు గాడి, బోల్టు రంధ్రం ఒకే వరుసలో ఉన్నాయి, టార్చ్ వెలుగు అటునుంచి ఇటు కనిపించింది. ఆ వెలుగు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

పిన్ పెట్టాను. అంతటితో ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోవచ్చు. చాలామంది అదే చేస్తారు. అప్పటి మా చీఫ్‌కి ఆ అర్ధరాత్రి ఫోన్ చేశాను. ఆయన తిట్టలేదు. "మిగతావన్నీ ఇప్పుడే మళ్లీ చూడు, నేను వస్తున్నా" అన్నాడు. వచ్చి తనే స్టూల్ ఎక్కాడు. పొద్దున్న ఫ్లైట్ నలభై నిమిషాలు లేటైంది, ప్రయాణికులు గొడవ చేశారు. రిపోర్ట్ రాయమన్నాడు, రాశాను, నా పేరుతోనే. సంతకం పెట్టిన సీనియర్ నాతో నెలరోజులు మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి ఒక మాట చెప్పాడు: "నట్టు చూశాన్రా, పిన్ చూడలేదు. నువ్వు పెట్టుంటావని నా కళ్లే నింపేసుకున్నాయి."

మీ రెండో ప్రశ్నకి అసలైన జవాబు ఆయన చెప్పిన ఆ మాటే. మనం చూడాలనుకున్నది కళ్లు చూపించేస్తాయి. అందుకని డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్‌లో కళ్లతో పాటు వేలు కూడా వెళ్లాలి. స్ప్లిట్ పిన్ కాలు వేలికి గుచ్చుకోవాలి. నట్టు తిరగకుండా కట్టే లాక్‌వైర్ లాగి చూడాలి, నట్టు బిగుసుకునే దిశలోనే పట్టి ఉందా అని. నట్టు కదిలితే తెలిసేలా వేసే టార్క్ సీల్ రంగుగీత నట్టు మీదా పక్క భాగం మీదా తెగకుండా ఒకటిగా ఉందా చూడాలి. రెండో మనిషి ఆ పనిలో చేయి వేసినవాడు కాకూడదు. వీలైతే కాఫీ తాగి, కాసేపు ఆగి, మాన్యువల్ పేజీ చేత్తో పట్టుకుని రావాలి. పని చేసినవాడు పక్కన నిలబడి "అదయింది, ఇదయింది" అని చెప్పకూడదు. పక్కన నిలబడి చెబుతుంటే రెండో మనిషి సగం వినడం, సగం చూడడం అవుతుంది.

ఫోన్ సంగతికి వస్తే, మధ్యలో ఎవరైనా పిలిస్తే తిరిగొచ్చాక ఆపిన చోట మొదలుపెట్టకూడదు, పనిలో మూడు అడుగులు వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి. ఇది నేను కనిపెట్టింది కాదు. కెనడా రవాణా శాఖలో పనిచేసిన గోర్డన్ డూపాంట్ 1993లో మెయింటెనెన్స్ తప్పులకి దారితీసే పన్నెండు మానవ కారణాల జాబితా తయారుచేశాడు. డర్టీ డజన్ అని అన్ని హ్యాంగర్లలో పోస్టర్లు ఉంటాయి. అలసట, దృష్టి మళ్లడం, ఒత్తిడి, సమాచారం అందకపోవడం, నాకు తెలుసులే అనే ధీమా, ఇలా. మా హ్యాంగర్‌లోనూ ఆ పోస్టర్ ఉండేది. దాని కిందే నిలబడి ఆ రాత్రి ఫోన్‌లో మాట్లాడాను.

స్ప్లిట్ పిన్ గురించే ఇంత రాశాను కాబట్టి తప్పులన్నీ అలాంటివే అనుకోకండి. ఇంకో రకం ఉంది, అది ఇంకా కష్టమైనది. హెచ్చరిక కనిపిస్తుంది, దాన్ని తప్పుగా చదువుతారు.

2009 ఏప్రిల్ 1న స్కాట్లాండ్ తీరం దగ్గర నార్త్ సీలో ఒక సూపర్ ప్యూమా కూలి 16 మంది చనిపోయారు. రిగ్ నుంచి ఇళ్లకి తిరిగొస్తున్న కార్మికులు, ఇద్దరు పైలట్లు. మెయిన్ గేర్‌బాక్స్ లోపల ఒక ప్లానెట్ గేర్ పగిలి, రోటరే ఊడి వెళ్లిపోయింది. దానికి వారం ముందు, మార్చి 25న, గేర్‌బాక్స్ చిప్ డిటెక్టర్ మీద ఒక లోహపు రేణువు దొరికింది. చిప్ డిటెక్టర్ అంటే ఆయిల్ దారిలో పెట్టే అయస్కాంతం, లోపల ఏ గేరైనా అరుగుతుంటే ఆ పొట్టు దానికి అంటుకుంటుంది. రేణువు దొరికాక ఆపరేటర్ వాళ్లు తయారీ సంస్థతో ఫోన్‌లోనూ ఈమెయిల్‌లోనూ మాట్లాడారు. వీళ్లు అన్నది వాళ్లకి ఒకలా, వాళ్లు అన్నది వీళ్లకి ఒకలా అర్థమైంది. గేర్ పాడవుతోందనడానికి ఆ రేణువే గుర్తు అని ఎవరూ తేల్చలేదు. ఆ భాగం విప్పి చూడలేదు. ఆ తర్వాత 36 గంటలు ఎగిరింది, అంతే. బ్రిటన్ విచారణ సంస్థ ఏఏఐబీ నివేదికలో ఇదంతా ఉంది. అక్కడ సోమరితనం లేదు, దొంగ సంతకాలు లేవు. పట్టించుకున్నారు, కబురు పెట్టారు, అయినా పదహారు మంది పోయారు. చిప్ లైట్ వెలిగినప్పుడు "పొట్టు సన్నగానే ఉంది, తుడిచి పెట్టేద్దాం" అనే మాట నేను చాలా హ్యాంగర్లలో విన్నాను. 2009 తర్వాత ఆ మాట వినపడితే నాకు ఒళ్లు మండేది.

అదే ఏడాది మార్చి 12న కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర ఒక ఎస్-92 సముద్రంలో పడి 18 మందిలో 17 మంది పోయారు. గేర్‌బాక్స్ ఆయిల్ ఫిల్టర్ గిన్నెని పట్టి ఉంచే టైటానియం స్టడ్లు విరిగి ఆయిల్ అంతా కారిపోయింది. ఫిల్టర్ మార్చినప్పుడల్లా నట్లు విప్పి మళ్లీ బిగిస్తుంటే మరలు ఒరుసుకుని స్టడ్లు దెబ్బతింటూ వచ్చాయి. 2008లో ఆస్ట్రేలియాలో ఇలాంటి స్టడ్లే విరిగాయి, అక్కడ నేల మీద దిగగలిగారు. దాని తర్వాత మాన్యువల్‌లో స్టడ్లు చూడాలని కొత్త నిబంధన వచ్చింది. కెనడా విచారణలో ఆపరేటర్ ఆ నిబంధనని సరిగ్గా అమలు చేయలేదని, అందుకే దెబ్బతిన్న స్టడ్లు దొరకలేదని తేలింది. డిజైన్‌లో లోపం ఉంది, నిజమే. తర్వాత స్టీల్ స్టడ్లు పెట్టారు. కానీ మాన్యువల్ మారింది అని చెప్పే కాగితం హ్యాంగర్ నేల మీద పనిచేసే మనిషి చేతికి చేరేలోపు ఎన్నిచోట్ల ఆగుతుందో నేను చూశాను. కొత్త రివిజన్ లైబ్రరీలో ఉంటుంది, మెకానిక్ చేతిలో పాత జిరాక్స్ ఉంటుంది. మీ అబ్బాయి ఈ వృత్తిలోకి వస్తే అతనికి నేను చెప్పే మొదటి మాట, జిరాక్స్ కాగితం చూసి పని చేయొద్దని.

ఇంజిన్ తరఫున ఒక్కటి చెప్పి వదిలేస్తాను. 2019 డిసెంబర్ 5న అమెరికాలో మినెసోటా నేషనల్ గార్డ్ బ్లాక్ హాక్ ఒకటి మెయింటెనెన్స్ తర్వాత టెస్ట్ ఫ్లైట్‌లో కూలి ముగ్గురు చనిపోయారు. ఇంజిన్‌కి ఇంధనం కొలిచి ఇచ్చే యూనిట్‌ని తప్పుగా బిగించారు, ఆ ఇంజిన్ ఆగిపోయింది. ఆ పరిస్థితిని పైలట్లు అందుకోలేకపోవడం కూడా కలిసిందని విచారణలో రాశారు. మన తప్పుని మొదట ఎక్కి పరీక్షించేది టెస్ట్ ఫ్లైట్ సిబ్బందే. మా దగ్గర ఒక పాత పైలట్ ఉండేవారు, పెద్ద పని చేసిన హెలికాప్టర్‌ని టెస్ట్‌కి తీసుకెళ్లేటప్పుడు "బిగించినవాడు నాతో రావాలి" అని పక్కన కూర్చోబెట్టుకునేవారు. రూల్ ఏమీ లేదు, ఆయన పట్టుదల. ఆ సీట్లో కూర్చోవాలని తెలిస్తే టార్చ్ వేసే తీరే మారిపోతుంది.

మన తెలుగువాళ్లకి హెలికాప్టర్ ప్రమాదం అనగానే గుర్తొచ్చేది 2009 సెప్టెంబర్ 2. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు వెళ్తూ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర బెల్ 430 కూలి, ఆయనతో కలిపి ఐదుగురు చనిపోయారు. నేను హెలికాప్టర్ మనిషినని తెలిస్తే పెళ్లిళ్లలో కూడా ఇదే అడుగుతారు, మెకానిక్ తప్పేనా అని. విచారణ కమిటీ నివేదిక అలా చెప్పలేదు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ విషయంలో ఒక సమస్య కనిపించింది, పైలట్లు దానికి మాన్యువల్‌లో పరిష్కారం వెతుకుతూ ఉండిపోయారు, ఆ సమయంలో హెలికాప్టర్ చెడు వాతావరణంలోకి వెళ్లి, బలంగా కిందికి తోసే గాలిలో చిక్కి అదుపు తప్పిందని రాశారు. మెయింటెనెన్స్ వాళ్లం దీన్నుంచి తీసుకోవాల్సింది ఒకటుంది. గాల్లో వచ్చే ప్రతి చిన్న సూచన పైలట్ దృష్టిలో కొంత భాగం తినేస్తుంది. తరచూ తప్పుడు రీడింగ్ ఇచ్చే సెన్సర్‌ని "గేజ్ సమస్యేలే, తర్వాత చూద్దాం" అని వదిలేస్తే మనం పైలట్ ధ్యాసని అంతమేర తగ్గించినట్టే. అలాగే రెండు ఇంజిన్లున్న హెలికాప్టర్ ఎక్కాం, ఇక భయం లేదు అనుకునేవాళ్లు ఉన్నారు. ఇంజిన్లు రెండైనా ఆ రెండూ కలిసి తిప్పేది ఒకే మెయిన్ గేర్‌బాక్స్‌ని.

న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి. యంత్రం విరిగిన ప్రతిసారీ మెకానిక్ దోషి కాదు. 2018 అక్టోబర్ 27న ఇంగ్లండ్‌లో లెస్టర్ ఫుట్‌బాల్ స్టేడియం నుంచి లేచిన ఏడబ్ల్యూ169 టెయిల్ రోటర్ బేరింగ్ పట్టేయడం వల్ల కూలి ఐదుగురు పోయారు. 2016 ఏప్రిల్‌లో నార్వేలో ఈసీ225 ఒకటి రోటర్ ఊడి 13 మంది పోయారు, అది కూడా ప్లానెట్ గేరే. ఈ రెండింటిలోనూ మెయింటెనెన్స్ చేసినవాళ్ల తప్పు అని విచారణలో తేలలేదు. నార్వేలో గేర్ లోపలి పగులు పైకి కనిపించేది కాదు, చిప్ డిటెక్టర్ కూడా పట్టలేకపోయింది. అలాంటి ప్రమాదం తర్వాత కూడా ఆ హెలికాప్టర్‌ని ఆఖరుసారి ముట్టుకున్న మెకానిక్‌కి నెలల తరబడి నిద్ర ఉండదు. నివేదిక వచ్చేదాకా ఊళ్లో అందరూ అతని వైపే చూస్తారు.

ఒత్తిడి గురించి కొంచెం. మొదట్లో నేను పనిచేసిన ఒక చోట ఒక కుర్రాడు తన తప్పు తనే వచ్చి చెప్పాడు. కౌలింగ్ లోపల, అంటే ఇంజిన్ మూత కింద, గుడ్డ మర్చిపోయాడు, ఫ్లైట్‌కి ముందే గుర్తొచ్చి చెప్పాడు, తీశారు. యాజమాన్యం అతన్ని రెండు వారాలు సస్పెండ్ చేసింది. ఆ తర్వాత మూడేళ్లలో ఆ హ్యాంగర్‌లో ఎవరూ ఒక్క తప్పు కూడా ఒప్పుకోలేదు. రికార్డు చూస్తే చాలా శుభ్రంగా ఉండేది. అందరిలో నాకు ఎక్కువ భయం వేసిన చోటు అదే. నా స్ప్లిట్ పిన్ రాత్రి ఆ పాత యాజమాన్యమే ఉండి ఉంటే నేను ఫోన్ చేసేవాణ్నా అని ఎన్నోసార్లు అడుక్కున్నాను. చేసేవాణ్ని కాదేమో.

ఇక మీ అబ్బాయి విషయం. చేర్చండి. భయంతో కాదు, తెలిసి చేర్చండి. ఎలాంటి పిల్లాడైతే ఈ పనికి సరిపోతాడో నా అనుభవంలో చెబుతాను. మార్కులు మధ్యస్థంగా ఉన్నా ఫర్వాలేదు. ఇంట్లో ఫ్యాన్ విప్పితే స్క్రూలు గిన్నెలో వేసి లెక్కపెట్టేవాడైతే మంచిది. "నాకు తెలియదు, మాన్యువల్ చూసి చెబుతా" అని పదిమందిలో అనగలగాలి. పెద్దవాళ్లు సంతకం పెట్టమన్నా, చూడకుండా పెట్టనని చెప్పగలగాలి. మన ఇళ్లలో పిల్లలకి పెద్దల మాట కాదనకూడదని నేర్పుతాం. ఈ వృత్తిలో ఆ ఒక్కచోట ఆ అలవాటు మార్చుకోవాలి, అది కుర్రాళ్లకి చాలా కష్టంగా ఉంటుంది. నాకూ కష్టమైంది. బాధ్యత ఒక్కసారిగా నెత్తిన పడదు లెండి. పరీక్షలు పాసైనా, చేతి పని అనుభవం లాగ్‌బుక్‌లో చూపించి లైసెన్స్ తెచ్చుకోవాలి, ఆ తర్వాత ఒక్కో రకం హెలికాప్టర్‌కి విడిగా టైప్ రేటింగ్ ఉంటుంది. అప్పటిదాకా ఇంకొకరి సంతకం కిందే పనిచేస్తాడు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బోర్డు మీద రాసింది నమ్మొద్దు. మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్న సంస్థల జాబితా ఉంటుంది, అందులో పేరు ఉందో లేదో, ఏ కేటగిరీకి అనుమతి ఉందో చూడండి. హెలికాప్టర్ అయితే బీ1.3కి శిక్షణ ఇస్తారా అని సూటిగా అడగండి. కొన్ని చోట్ల విమానాల బీ1.1 మాత్రమే ఉంటుంది, చేరాక తెలిసి బాధపడతారు. అడ్మిషన్ ఆఫీసులో కూర్చోకుండా వర్క్‌షాప్ చూపించమనండి. టూల్ బోర్డు దగ్గరికి వెళ్లి, ప్రతి పనిముట్టుకీ గోడ మీద దాని ఆకారం గీసి ఉందా, ఖాళీగా ఉన్న చోట ఎవరు తీసుకున్నారో ట్యాగ్ వేలాడుతోందా చూడండి. ట్యాగ్ లేకుండా రెండు మూడు ఖాళీలు కనిపిస్తే ఇంకో కాలేజీ వెతకండి.